ఓడ ఆగేది ఒక్క పగలు: లివోర్నో నుంచి టస్కనీ పల్లెలు చూసి రావడం ఎలా?

విజయవాడ పటమట నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. సెప్టెంబరు చివర్లో బార్సిలోనాలో క్రూయిజ్ ఎక్కుతున్నారు. మొత్తం ఐదుగురు: భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, 71 ఏళ్ల నాన్నగారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. పెద్దవాళ్లిద్దరూ శాకాహారులు. ఇటలీలో టస్కనీ అనే ప్రాంతానికి చెందిన లివోర్నో పోర్టులో ఓడ ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా ఆగుతుంది. "అందరూ ఫ్లోరెన్స్ చూడమంటున్నారు. మా నాన్న తెనాలి పక్కన జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. ఆయనకి అక్కడి పల్లెలు, పొలాలు చూపించాలని నా కోరిక. గైడ్‌తో పల్లెల టూరు తీసుకుంటే రోజు వృథా అవుతుందా? తీసుకుంటే ఓడవాళ్ల దగ్గర తీసుకోవాలా, బయట మాట్లాడుకోవాలా?"

నమస్తే అండి. మాది గుంటూరు బ్రాడీపేట. పంతొమ్మిదేళ్లుగా టూర్ మేనేజరుగా మన జిల్లాల వాళ్లని విదేశాలకి తీసుకెళ్తున్నాను. లివోర్నోలో బృందాలతో పదకొండుసార్లు దిగాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందు సూటిగా జవాబు. పల్లెల టూరే తీసుకోండి, ఈసారికి ఫ్లోరెన్స్ వదిలెయ్యండి. మీరు ఐదుగురు, అమ్మగారి మోకాళ్లు అలా ఉన్నాయి కాబట్టి పెద్ద బస్సు కన్నా లైసెన్సు ఉన్న డ్రైవరుతో ఒక చిన్న వ్యాను మాట్లాడుకోవడం మేలు. దానికి ఒక్కటే షరతు. ఓడ 7 గంటలకి కదులుతుందంటే మీ వ్యాను సాయంత్రం నాలుగున్నరకల్లా పోర్టు గేటు దగ్గర ఉండాలి. "ఇంకొక్క ఊరు చూసేసి వెళ్దాం" అని ఎవరన్నా అంటే కాదనగలిగే మనిషి మీలో ఒకరు ఉండాలి. ఆ పట్టుదల లేదనుకుంటే ఓడవాళ్ల బస్సు టికెట్టే కొనండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక కారణాలు.

లివోర్నో సరుకు ఓడలు ఆగే పెద్ద పోర్టు. ఓడ దిగితే ఎదురుగా కనిపించేవి కంటైనర్లు, క్రేన్లు. పోర్టు లోపల నడవనివ్వరు, షటిల్ బస్సులో ఊళ్లోకి తీసుకెళ్లి వదులుతారు. మీరు చూడాలనుకున్నవన్నీ అక్కణ్నించి దూరమే. పీసా పాతిక కిలోమీటర్ల లోపు. లుక్కా ఇంకొంచెం అవతల, ముప్పావు గంట. కొండమీద ఊళ్లయిన వోల్తెర్రా, సాన్ జిమిన్యానోలకి గంటంబావు నుంచి గంటన్నర. ఫ్లోరెన్స్ దాదాపు తొంభై కిలోమీటర్లు, బస్సులో గంటన్నర పైమాటే, రోడ్డు రద్దీగా ఉంటే రెండు గంటలు. అంటే ఫ్లోరెన్స్‌కి రానుపోను మూడు నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి. మిగిలిన ఐదు గంటల్లో పెద్ద బస్సుని ఊరి మధ్యకి రానివ్వరు కనుక దిగి నడవాలి. గైడు గొడుగో జెండానో పైకెత్తి ముందు నడుస్తుంటే, రాతి పలకల మీద మీ అమ్మగారు నలభైమంది వెనక పరిగెత్తాలి. ఫ్లోరెన్స్ గొప్ప ఊరు, రెండు రాత్రులు ఉండి చూడాల్సిన ఊరు. ఐదు గంటల్లో దాని బయటి గోడలు మాత్రమే చూస్తారు.

పల్లెల సంగతి వేరు. అక్కడ వ్యాను కిటికీలోంచి చూసేదీ చూడటమే. ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు, సైప్రస్ చెట్ల వరసలు, దున్నిన మెట్టపొలాలు కనిపిస్తుంటే ప్రయాణం చేసిన గంటన్నర కూడా లెక్కలోకే వస్తుంది. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఇది చాలా పెద్ద తేడా.

బ్రోచరు ఫోటో చూసి బుక్ చెయ్యకండి. టస్కనీ అనగానే ఒక బొమ్మ చూపిస్తారు: వంకర్లు తిరిగిన మట్టిదారి, దాని పక్కన సైప్రస్ చెట్లు, అలల్లా పచ్చటి గుట్టలు, గుట్ట మీద ఒంటరి ఇల్లు. ఆ ఫోటోల్లో ఎక్కువ భాగం సియెనాకి దక్షిణాన ఉన్న వాల్ దోర్చా లోయవి. 2004లో యునెస్కో గుర్తించిన ప్రాంతం అది. లివోర్నో నుంచి అక్కడికి వెళ్లడానికే రెండున్నర గంటలు. పొద్దున్నే విజయవాడలో బయల్దేరి, రాజమండ్రి చూసి, చీకటి పడకముందే ఇంటికి చేరినట్టు ఉంటుంది ఆ ప్రయాణం. ఓడ మీద వచ్చినవాళ్లకి అది పనికిరాదు. పైగా ఆ పచ్చదనం ఏప్రిల్, మే నెలల్లో గోధుమ చేలది. మీరు వెళ్లే సెప్టెంబరు చివరికి గోధుమ కోసి, నేల దున్ని, పెళ్లలు పైకి లేచి గోధుమరంగులో ఉంటుంది. పొద్దుతిరుగుడు పువ్వుల కాలం జూన్ చివర్లో మొదలై జూలైతో అయిపోతుంది. మా బృందంలో ఒకావిడ ఆగస్టులో వెళ్లి, పువ్వులన్నీ ఎండిపోయి తలలు వాల్చి ఉంటే చాలా బాధపడ్డారు. ముందే తెలిసుంటే ఆవిడ వేరే నెల ఎంచుకునేవారు.

మీకు ఇంకో లాభం ఉంది. సాంజొవేజె అనే ఎర్ర ద్రాక్ష టస్కనీకి ప్రధానమైన పంట, దాని కోతలు సాధారణంగా సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో జరుగుతాయి. తోటల్లో మనుషులు ఉంటారు, ట్రాక్టర్లు తిరుగుతుంటాయి, పళ్లు నలిగిన వాసన వస్తుంటుంది. మీ నాన్నగారికి ఇంతకన్నా మంచి వేళ దొరకదు.

ఇప్పుడు గైడ్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఈ టూరు బాగుండటం, బాగుండకపోవడం అంతా అక్కడే ఉంది.

డ్రైవరు వేరు, గైడు వేరు. ఇటలీలో గైడ్ పని చెయ్యాలంటే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. వ్యాను నడిపే డ్రైవరు ఇంగ్లీషు బాగా మాట్లాడొచ్చు, దారిలో కబుర్లు చెప్పొచ్చు, కానీ చర్చిలోకీ మ్యూజియంలోకీ మీతో వచ్చి వివరించే హక్కు అతనికి లేదు. ఊరి ద్వారం దగ్గర దింపి "గంటన్నరలో రండి" అంటాడు. చాలామంది మనవాళ్లు "ఇంగ్లీషు డ్రైవర్" అని రాసి ఉన్నదాన్ని గైడ్ అనుకుని డబ్బు కట్టి, తీరా అక్కడికి వెళ్లాక నొచ్చుకుంటారు. కొండమీద ఊరు ఒకటి, తోట ఒకటి చూడటానికి పూర్తి రోజు గైడ్ అక్కర్లేదు. ఊళ్లో రెండు గంటలకి స్థానిక గైడ్‌ని విడిగా పెట్టించమని అడగొచ్చు. తోటలో ఎలాగూ ఆ ఇంటివాళ్లే చూపిస్తారు.

మంచి గైడ్ ఏం చేస్తారో ఒక ఉదాహరణ చెప్తాను. ఒకసారి మా గుంటూరు, పొన్నూరు వాళ్లు పద్నాలుగు మందితో వెళ్లాం. గైడ్ ఒక నడివయసు స్త్రీ. దారిలో గుట్ట గుట్టకీ ఒక్కో రాతి ఇల్లు విడిగా ఉండటం చూసి, పొన్నూరు నుంచి వచ్చిన పెద్దాయన అడిగారు, "ఊరంతా ఒకచోట ఉండకుండా ఈ ఇళ్లు ఇలా విసిరేసినట్టు ఎందుకున్నాయమ్మా?" అని. ఆవిడ బస్సు మైకు పక్కన పెట్టి, ఆయన పక్కన వచ్చి కూర్చుని చెప్పింది. వాళ్ల తాతలు మెజ్జద్రియా అనే పద్ధతిలో సేద్యం చేసేవాళ్లట. భూమి, ఇల్లు ఆసామివి, కష్టం రైతు కుటుంబానిది, పంట చెరిసగం. అందుకని ప్రతి కమతం మధ్యలో రైతు కుటుంబానికి ఒక ఇల్లు. ఆ ఒక్క కమతంలోనే ద్రాక్ష, ఆలివ్, గోధుమ, పశువులు అన్నీ ఉండేవి, ఎందుకంటే ఇంటికి కావలసింది అక్కడే పండాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనం ఫ్యాక్టరీ పనులకి పట్నాలు పట్టారు. 1964లో కొత్తగా ఇలాంటి ఒప్పందాలు రాసుకోకూడదని చట్టం వచ్చింది, 1982 చట్టంతో మిగిలినవి మామూలు కౌలుగా మారాయి. ఖాళీ అయిన ఇళ్లే చాలావరకు ఇప్పుడు అతిథులకి భోజనం పెట్టి, పడక ఇచ్చే ఇళ్లు. అలాంటి ఇళ్లని అగ్రితురిస్మో అంటారు, వాటికి 1985లో ప్రత్యేకంగా చట్టం చేశారు.

పెద్దాయన అంతా విని, "మా వైపూ సగపాలుకి ఇచ్చేవాళ్లమ్మా. విత్తనం ఖర్చు ఎవరు పెట్టుకునేవాళ్లు?" అని అడిగారు. అక్కణ్నుంచి ఇద్దరికీ ముప్పావు గంట మాట తెగలేదు, మధ్యలో తెలుగు నేను, ఇంగ్లీషు ఆవిడ. మిగతా వాళ్లు కూడా కెమెరాలు దించి వినడం మొదలుపెట్టారు. ఆ రోజు చూసిన గోపురాలూ గంటస్తంభాలూ ఎవరికీ గుర్తులేవు గానీ, ఈ మాటలు మాత్రం ఇప్పటికీ ఎక్కడన్నా కలిస్తే గుర్తుచేస్తారు.

అలాంటిదే ఇంకోటి. ఆలివ్ తోటలో చెట్లు గమనించండి. చాలా చోట్ల ఒకే మొదట్లోంచి మూడు, నాలుగు కాండాలు పైకి లేచి ఉంటాయి. 1985 జనవరిలో వచ్చిన భయంకరమైన మంచుకి టస్కనీలో ఆలివ్ చెట్లు చాలావరకు నేల పైభాగమంతా చచ్చిపోయాయి. మొదలంటా నరికేస్తే వేరు నుంచి పిలకలు లేచాయి. ఇప్పుడున్న తోటలు ఎక్కువగా ఆ పిలకలే. అవనిగడ్డ వైపు నుంచి మాతో వచ్చిన ఒకాయన ఈ మాట వినగానే 1977 నవంబరు 19 చెప్పారు. దివిసీమ ఉప్పెన తర్వాత ఉప్పునీళ్లు నిలిచిన మడిని మళ్లీ వరికి తెచ్చుకోవడానికి వాళ్ల నాన్న పడ్డ తిప్పలు చెప్పారు. తోట యజమాని ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, చనిపోయిన పాత మొద్దు ఒకటి దాచుకున్నది చూపించాడు. నలభైమంది బస్సులో, గంటకి మూడు ఊళ్ల లెక్కన తిరిగితే ఇలాంటివి జరగవు. అందుకే నేను తక్కువ చోట్లకే వెళ్లమంటాను.

ఎన్ని చోట్లు? రెండు, మహా అయితే మూడు. కొండమీద ఊరు ఒకటి, తోటలో భోజనం ఒకటి, వచ్చే దారిలో పీసా ఒకటి. నాలుగు రాసి ఉన్న టూరు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి. ఒకసారి ఒక కుటుంబం నా మాట కాదని ఫ్లోరెన్స్, సాన్ జిమిన్యానో, పీసా ఒక్క రోజులో చూపిస్తామన్న వ్యాను మాట్లాడుకుంది. రాత్రి ఓడలో భోజనాల దగ్గర కలిస్తే, ఏ ఊళ్లోనూ గంట నిలవలేదని, మధ్యాహ్నం భోజనం వ్యానులోనే చిప్స్‌తో అయిపోయిందని ఆ ఇల్లాలు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాళ్లు ఖర్చుపెట్టింది తక్కువేం కాదు.

ఊరు ఏది అంటే, రెండింట్లో ఒకటి ఎంచుకోండి.

సాన్ జిమిన్యానో అందరూ వెళ్లేది. ఒకప్పుడు డెబ్భైకి పైగా ఎత్తయిన రాతి బురుజులు ఉండేవంటారు, ఇప్పుడు పద్నాలుగు మిగిలాయి. రోముకి నడిచి వెళ్లే యాత్రికుల దారి మీద ఉన్న ఊరు కావడం వల్ల, కుంకుమపువ్వు వ్యాపారం వల్ల సంపద పెరిగింది. ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు పోటీపడి బురుజులు కట్టారు. 1348లో ప్లేగు వచ్చి ఊరు కుప్పకూలింది, కొన్నేళ్లకే ఫ్లోరెన్స్ ఏలుబడిలోకి పోయింది. ఆ తర్వాత పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోవడం వల్లే ఆ బురుజులు మనకి మిగిలాయి. 1990లో యునెస్కో జాబితాలో చేరింది. చిక్కు ఏమిటంటే, ఊరి ద్వారం నుంచి నడిమి కూడలి దాకా దారి అంతా ఎగుడే. మోకాళ్లు బాగోని వాళ్లకి పది నిమిషాల నడక పాతిక నిమిషాలు పడుతుంది. పైన పాత బావి ఉన్న కూడలి వస్తుంది. ఆ బావి చుట్టూ మెట్ల మీద కూర్చుని అలుపు తీర్చుకోవచ్చు, మా బృందాల్లో ఆడవాళ్లందరూ అక్కడే చేరతారు. అమ్మగారికి మడత కర్ర, మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి. ఆ రాళ్ల మీద మన చెప్పులు జారతాయి.

లుక్కా రెండోది. మీ అమ్మగారి కోసం నేనైతే దీన్నే ముందు పెడతాను. ఊరంతా చదును. చుట్టూ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు కోటగోడ చెక్కుచెదరకుండా ఉంది. గోడ మీద వెడల్పాటి బాట, దానికి చెట్ల నీడ, అక్కడక్కడా బల్లలు. పాపకి సైకిల్ అద్దెకి తీసుకుని గోడ మీద తొక్కించొచ్చు. సంగీతం ఇష్టమైనవాళ్లకి, ఒపెరాలు రాసిన పుచ్చీని 1858లో పుట్టిన ఊరు. ఊరి చుట్టూ ఉన్న గుట్టల్లోనే మంచి ఆలివ్ తోటలున్నాయి కాబట్టి ప్రయాణం బాగా తగ్గుతుంది. సాన్ జిమిన్యానో కన్నా ఫోటోలకి అంత గొప్పగా ఉండదు, అంతే.

పీసా వాలుగోపురం చూడకుండా వస్తే విజయవాడలో చుట్టాలకి జవాబు చెప్పుకోలేమని అందరూ అంటారు. సరే, చూడండి. పోర్టుకి దగ్గర కనుక చివర్లో పెట్టుకుంటే ఆలస్యమైనా భయం తక్కువ, వేళ మించితే దాన్నే తీసెయ్యొచ్చు. పైకి ఎక్కే ఆలోచన వద్దు. టికెట్టుకి ముందే టైము బుక్ చేసుకోవాలి, మూడు వందలకి దగ్గరగా మెట్లుంటాయి. పెద్ద బస్సులైతే కిలోమీటరు దూరంలో ఆపుతారు, చిన్న వ్యాను దగ్గరదాకా వెళ్తుంది. 1173లో మొదలుపెట్టిన కట్టడం, నేల మెత్తదనం వల్ల మూడో అంతస్తుకే ఒరిగింది. 1990లో మూసి, కింద మట్టి తీసి కాస్త సరిచేసి 2001 డిసెంబరులో తిరిగి తెరిచారు. ముప్పావు గంట చాలు.

ఓడవాళ్ల టూరా, ప్రైవేటా అన్నది అసలు డబ్బు ప్రశ్న కాదు. ఐదుగురి టికెట్లు కలిపితే ఓడవాళ్ల టూరు ఖర్చు, ఒక వ్యాను రోజు అద్దె చాలాసార్లు దగ్గర దగ్గరగానే వస్తాయి. ఇద్దరే అయితే ప్రైవేటు బాగా బరువు. అసలు తేడా ఆలస్యం దగ్గర ఉంది. ఓడవాళ్లు అమ్మిన టూరు బస్సు రోడ్డులో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే, తర్వాతి పోర్టుకి చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. ప్రైవేటు వాళ్లయితే ఓడ మీకోసం ఆగదు. కొందరు "సమయానికి పోర్టుకి చేర్చే గ్యారంటీ" అని రాస్తారు. దాని అర్థం ఓడ ఆగుతుందని కాదు, తప్పిపోతే తర్వాతి పోర్టుకి మీ ప్రయాణం ఖర్చు వాళ్లు పెట్టుకుంటారని. ఈ వాక్యం వాళ్ల నుంచి మెయిల్లో రాయించుకోండి.

నేను ఒక్కసారి చాలా దగ్గరదాకా వెళ్లాను. లివోర్నో, పీసా, ఫ్లోరెన్స్ ఊళ్లని కలిపే రహదారికి మూడు ఊళ్ల పేర్ల మొదళ్లు కలిపి ఫి-పి-లి అంటారు (ఫ్లోరెన్స్‌ని వాళ్లు ఫిరెంజె అంటారు). టోలు లేదు గనుక లారీలన్నీ దానిమీదే. ఒక సాయంత్రం ముందు ఎక్కడో ప్రమాదం జరిగి వాహనాలు నిలిచిపోయాయి. మేం రెండున్నర గంటల వెసులుబాటుతో బయల్దేరాం. ఓడ మెట్లు ఎక్కేసరికి ఇరవై నిమిషాలు మిగిలాయి. పన్నెండుమంది పెద్దవాళ్లు, వాళ్లలో ఇద్దరికి షుగరు. ఆ రెండు గంటలు నేను పడ్డ ఆదుర్దా నాకే తెలుసు. అందుకే పైన నాలుగున్నర అన్నాను, అది ఎక్కువ జాగ్రత్త అనుకోకండి. ఇంకో మాట, 7కి ఓడ కదులుతుందంటే ఎక్కాల్సిన ఆఖరి టైము 7 కాదు. సాధారణంగా అరగంట ముందు, కొన్నిసార్లు గంట ముందు. ముందు రోజు రాత్రి గదికి వచ్చే కాగితంలో అది రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసి ఉంచండి, దానిమీదే పోర్టు ఏజెంటు నంబరు కూడా ఉంటుంది.

బుక్ చేసేముందు వ్యాను వాళ్లని ఇవి అడగండి. పోర్టు లోపలికి వచ్చే అనుమతి ఉందా, లేక షటిల్ దింపేచోట కలుస్తారా? ఉదయం ఆ షటిల్‌కే అరగంట పోవచ్చు. ఓడ ఆ పోర్టుకి రాకపోతే డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తారా? గాలి, అలల వల్ల ఓడ దారి మార్చడం ఉంటుంది. ఓడవాళ్ల టూరైతే డబ్బు దానంతటదే తిరిగొస్తుంది, ప్రైవేటులో రాసి ఉంటేనే. తోటలో భోజనం ధర కలిసే ఉందా, విడిగానా? నా అనుభవంలో తగాదా వచ్చేది ఎప్పుడూ ఇక్కడే.

సొంతంగా కారు అద్దెకి తీసుకుని నడుపుకుందామని మాత్రం అనుకోవద్దు. పాత ఊళ్ల మధ్యలో బయటి బళ్లకి నిషేధం ఉంటుంది, కెమెరాలు పెట్టి ఉంటాయి, జరిమానా చీటీ నెలల తర్వాత విజయవాడకి వస్తుంది.

తిండి విషయం. తోటల్లో మామూలుగా పెట్టేది వైన్, ఎండబెట్టిన పంది మాంసం ముక్కలు, జున్ను. మీ పెద్దవాళ్లకి అవేవీ పనికిరావు. కాబట్టి మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని విడివిడిగా రాయండి. "వెజిటేరియన్" అంటే చేప తింటారని, మాంసం ఉడికించిన నీళ్లలో చేసిన సూప్ పరవాలేదని అనుకునేవాళ్లు ఉన్నారు. ఇటాలియన్‌లో "సెంజా కార్నే, సెంజా పెషే, సెంజా ఉవోవా" అని చెప్పండి, పని జరుగుతుంది. అడిగి తినదగినవి చాలా ఉన్నాయి. రిబొల్లీత అని బీన్సు, ఆకుకూర, పాత రొట్టె వేసి చిక్కగా ఉడికించిన పులుసు లాంటిది. పీచీ అని చేత్తో నులిమిన లావుపాటి సేమియా, వెల్లుల్లి టమాటా గుజ్జుతో. లివోర్నో ఊళ్లోనే శనగపిండి, నీళ్లు, నూనె కలిపి పెద్ద పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చే అట్టు దొరుకుతుంది, తోర్తా ది చేచీ అంటారు, మిరియాలపొడి చల్లి ఇస్తారు. మా గుంటూరు అమ్మలందరికీ నచ్చిన ఏకైక ఇటలీ తిండి అది. టస్కనీ రొట్టెలో ఉప్పు వెయ్యరు, అది వాళ్ల పద్ధతి. చిన్న సీసాలో కారప్పొడి పట్టుకెళ్తే ఆలివ్ నూనెతో కలిపి ఆ రొట్టె హాయిగా తింటారు. ఓడలోని బఫే తిండి మాత్రం మూటగట్టి బయటికి తేకండి, ఒప్పుకోరు.

వైన్ తాగని వాళ్లకి ఆలివ్ నూనె, తేనె రుచి చూపించే తోట పెట్టమని ముందే అడగండి. నూనె రుచి చూసేటప్పుడు గొంతులో కారంగా గుచ్చుకుంటే అది పాడైందని కాదు, తాజాదని అర్థం. నాన్నగారికి ఈ మాట చెప్పి ఉంచండి. తోట యజమాని గానుగ చూపిస్తాడు. ఆలివ్ కోతలు అక్టోబరు, నవంబరుల్లో కనుక మీరు వెళ్లేటప్పటికి గానుగ తిరగకపోవచ్చు, ద్రాక్ష పని మాత్రం కనిపిస్తుంది.

కాగితాలు: మీ ఓడ స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ మాత్రమే తిరిగితే మొత్తం షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే ఐరోపా దేశాల ప్రాంతం) లోపలే. మధ్యలో ట్యునీసియాయో టర్కీయో ఉంటే ఒకసారి బయటికి వెళ్లి మళ్లీ వచ్చినట్టు లెక్క, అప్పుడు మల్టిపుల్ ఎంట్రీ వీసా కావాలి. సింగిల్ ఎంట్రీ వీసాతో వచ్చి ఇబ్బంది పడ్డవాళ్లని చూశాను. ఒడ్డుకి దిగేటప్పుడు పాస్‌పోర్టు జిరాక్సు, ఓడ కార్డు, రెండు రోజులకి సరిపడా మందులు ఒంటిమీద సంచీలోనే ఉండాలి. షుగరు, బీపీ మాత్రలు ఓడ గదిలో వదిలి దిగకండి. మరుగుదొడ్లకి యూరో చిల్లర ఉంచుకోండి, కాఫీ తాగిన హోటల్లో అయితే ఊరికే వెళ్లొచ్చు, అందుకే నేను ప్రతి మజిలీలో ముందు అందరికీ కాఫీ చెప్పేస్తాను. కొండదారుల్లో మలుపులెక్కువ, పాపకి వాంతులయ్యే అలవాటుంటే ముందు సీటు, ఒక నిమ్మకాయ.

మీకు నేను వేసి ఇచ్చే రోజు ఇలా ఉంటుంది. ఎనిమిదికి పోర్టులో వ్యాను ఎక్కడం. తొమ్మిదికల్లా లుక్కా, అక్కడ స్థానిక గైడ్‌తో గంటన్నర, ఆ తర్వాత గోడ మీద అరగంట ఊరికే కూర్చోవడం. పదకొండున్నరకి గుట్టల్లోకి, పన్నెండుకి తోట. అక్కడ రెండు గంటలు, తొందరలేదు. రెండుంబావుకి బయల్దేరి పీసాలో ముప్పావు గంట. నాలుగున్నరకి గేటు. నాన్నగారు బురుజుల ఊరే కావాలంటే సాన్ జిమిన్యానో పెట్టి పీసా తీసెయ్యండి. రెండూ ఒకే రోజున పెద్దవాళ్లతో వద్దు.

ఆఖరుగా ఒక్కటి, నాన్నగారి కోసం. దున్నిన పొలం పక్కన ఎక్కడన్నా పది నిమిషాలు వ్యాను ఆపమని బుకింగ్ మెయిల్లోనే రాయండి. మా రైతులు ప్రతిసారీ దిగి, మట్టి పెళ్ల చేతిలోకి తీసుకుని చిదిమి చూస్తారు, తేమ ఎంత ఉంది, బంకమన్నా ఇసకా అని వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. ముందు చెప్పకపోతే కుదరదు. పెద్ద రోడ్డు ఎక్కాక డ్రైవరుకి బండి ఆపే చోటు ఉండదు.